దాసరి పురుగు

మొన్న భాద్రపదంలో ఊరికి వెళ్ళినప్పుడు, తెల్లవారుజామున వసారాలో ముఖం కడుక్కుంటూ గోడవైపు చూశాను. సున్నం వేసిన గోడమీద, దీపానికి జానెడు దూరంలో, ఎండుటాకు ముక్క ఒకటి అతుక్కుని ఉన్నది. గాలి వీచినా కదలలేదు. దగ్గరకు వెళ్ళి చూస్తే అది ఆకు కాదు, శలభం.

మట్టి కలిసిన బూడిదరంగు రెక్కలు. వాటిమీద, ఇసుకలో నీరు ఇంకిపోయిన తరువాత మిగిలే చారలవంటి సన్నని వంకర గీతలు. రెక్కలు మడిచి కూర్చున్నప్పుడు ముక్కోణపు ఆకారం. ఇంత సాదాగా ఉన్న జీవిని ఎవరూ రెండోసారి చూడరు. పుల్లతో మెల్లగా కదిలించాను. పైరెక్కలు పక్కకు తొలగి లోపలి రెక్కలు బయటపడ్డాయి: కాటుక నలుపు, నడుమ అడ్డంగా తెల్లని పట్టీ, అంచున తెల్లని మచ్చలు. చాచిన రెక్కల కొస నుంచి కొసకు రెండున్నర అంగుళాలు ఉంటుంది. ఆ నలుపూ తెలుపూ ఒక్క క్షణం మెరిసి, చూరు కిందనుంచి పెరట్లోకి ఎగిరిపోయాయి.

పక్కనే నిలబడ్డ మా తమ్ముడి మనవడు "ఏందది తాతా?" అన్నాడు. వెంటనే జవాబు చెప్పలేకపోయాను. చిన్నతనంలో దానికి మా ఇంట్లో మూడు పేర్లుండేవి. ఆ మూడు పేర్లకూ వెనుక ఉన్నది ఒక్క ప్రాణి కథేనని తెలియడానికి నాకు ఇరవై ఏళ్ళు పట్టింది. వాడికి ఏ పేరు చెప్పాలి? ఆ ఆలోచనలోనుంచి వచ్చినదే ఈ వ్యాసం. పురుగుల గురించి ఇంత పొడుగు రాత ఏమిటని మిత్రులు విసుక్కోరనే నమ్మకం.

శ్రీశైలం రోడ్డుమీద హైదరాబాదు నుంచి వస్తూ ఉంటే దిండి వాగుకు ఇవతల మా ఊరు. అవతలి ఒడ్డు నల్లగొండ జిల్లా. మాది అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా. 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయిన తరువాత మాది నాగర్‌కర్నూలు జిల్లా అయింది గాని, ఊరిలో పెద్దవాళ్ళ నోట ఇప్పటికీ పాలమూరే. మావి ఎర్ర చెల్క నేలలు. లోతు తక్కువ, రాయి ఎక్కువ, వాన ఎప్పుడొస్తే అప్పుడే. అటువంటి నేలలో నమ్ముకోగల పంట ఆముదం. ఏ చెట్టూ లేనిచోట ఆముదపు చెట్టే మహావృక్షమని సామెత. వెక్కిరింపుగా పుట్టిన ఆ మాట మా ప్రాంతంలో వెక్కిరింపుగా వినిపించేది కాదు. నిజంగానే అది మాకు మహావృక్షం. జొన్నలు తిండికి, ఆముదాలు రొక్కానికి. గెలలు కోసి, ఎండబెట్టి, కొట్టి, బస్తాలకెత్తి మార్కెట్టుకు తోలితేనే నాన్న చేతికి నోట్లు వచ్చేవి. బట్టలు, బాకీలు, నా బడి పుస్తకాలు అన్నీ ఆ గింజల్లోనుంచే. ఒకప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో ఆముదం అంటే ముందుగా ఈ రెండు జిల్లాల పేర్లే చెప్పేవారు: మహబూబ్‌నగర్, నల్లగొండ.

జూన్‌, జూలైలలో విత్తితే ఆగస్టు వచ్చేసరికి చేను మోకాలి ఎత్తుకు పెరిగి, చేయి చాచినట్టుండే ఆకులతో నేలను కప్పేసేది. సరిగా అప్పుడే పురుగు దిగేది. మొదట ఆకులమీద సూదిమొనంత చిల్లులు. తరువాత రూపాయి బిళ్ళంత కంతలు. పది పన్నెండు రోజుల్లో ఆకు పోయి ఈనెలు మిగిలేవి. దూరంనుంచి చూస్తే గొడుగుల బట్ట చినిగిపోయి కమ్మీలు మాత్రం నిలబడ్డట్టుండేది చేను.

దానిని మేము దాసరి పురుగు అనేవాళ్ళం. నామాల పురుగు అని కూడా విన్నాను. పేరు ఎందుకు వచ్చిందో మా ఊళ్ళో రెండు మాటలుండేవి. ఒంటి పక్కల పొడుగునా ఉండే తెల్లని, ఎర్రని చారలు దాసరి నామాల వలె ఉంటాయని కొందరు. అది నడిచే తీరు వల్ల వచ్చిందని మా నాయనమ్మ. ఆ పురుగు ముందుకు సాగి తల ఆనించి, తరువాత వెనుక భాగాన్ని దగ్గరకు లాక్కుంటుంది. అప్పుడు నడుము విల్లులా పైకి లేస్తుంది. కడుపు కింది కాళ్ళలో ముందరి జత కుదించుకుపోయి ఉండటం చేత దానికి ఆ సగం వంపు నడక. అడుగడుగునా సాగిలపడి మొక్కుతూ పోయే దాసరిని చూసినవాళ్ళు ఆ పేరు పెట్టారని నాయనమ్మ నమ్మకం. నాకూ అదే నచ్చుతుంది. మీ ప్రాంతాల్లో దీనికి వేరే పేర్లుంటే చెప్పండి, దాచుకుంటాను.

శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు అఖేయా జనాటా. 1758లో లిన్నేయస్ ఈ జాతిని వర్ణించాడు. మొదటి సగం గ్రీసు దేశంలోని ఒక ప్రాంతపు పేరును గుర్తుకు తెస్తుంది. రెండో సగం మన చెవికి 'జనత' అని వినిపిస్తుంది. లిన్నేయస్ మనసులో మన మాట ఉందని నేననను. అయినా జనత తినే పంటల్లో సగభాగం అడిగే ప్రాణికి ఆ పేరు కుదిరిందనిపిస్తుంది.

మా ఇంట్లో ఆ పురుగును ఏరే పని పిల్లలది. 1977 ప్రాంతం, నాకప్పుడు పదేళ్ళు. ఖాళీ డాల్డా డబ్బాలో సగం నీళ్ళు, పైన కాస్త కిరసనాయిలు. డబ్బా నిండా పురుగులు తెస్తే నాన్న పది పైసలిచ్చేవాడు. బడి వదిలిన తరువాత నేనూ, తమ్ముడూ సాళ్ళ వెంట పరుగెత్తేవాళ్ళం. ఆకు వెనక్కి తిప్పి చూస్తే ఈనెకు అతుక్కుని ఉండేవి. ఒక్కొక్కటి ఒక్కో రంగు: నల్లని మఖమలు వంటివి కొన్ని, బూడిదరంగువి కొన్ని, మట్టిరంగువి కొన్ని. బాగా ఎదిగినది చిటికెనవేలంత పొడుగు. ముట్టుకోగానే మెలికలు తిరిగి చేతిలోనుంచి జారి పడిపోయేవి.

కొన్ని మాత్రం జారేవి కావు. వాటి వెనుక భాగానికి, కడుపు కింద, వడ్లగింజంత గోధుమరంగు గుడ్డు వంటిది ఒకటి అంటుకుని ఉండేది. అటువంటి పురుగు మందకొడిగా, ముట్టుకున్నా పెద్దగా కదలకుండా ఉండేది. దానికి మేమే గుడ్డు పురుగు అని పేరు పెట్టాం. అది మా ఇంట్లో రెండో పేరు. నాన్నకు చూపిస్తే, "గవి గుడ్లు పెడుతున్నయిరా. గవిట్ని ఒక్కదాన్ని గూడ ఇడవద్దు. ఒక్కటి ఉంటె మల్ల వంద అయితయి" అన్నాడు. మాకు రెండు విధాలా లాభమే. నాన్న మెచ్చుకుంటాడు, పైగా కదలని పురుగును పట్టడం తేలిక, డబ్బా తొందరగా నిండుతుంది. అందుచేత చేలోకి దిగగానే ముందుగా గుడ్డు పురుగులనే వెతికేవాళ్ళం. తమ్ముడి కళ్ళు చురుకు. ఒక్క సాయంత్రం వాడొక్కడే నలభై పట్టాడని మా ఇంట్లో చాలాకాలం చెప్పుకున్నారు.

అంత ఏరినా పురుగు తగ్గేది కాదు. తరువాత బి.హెచ్.సి. పొడి వచ్చేది. పలుచని గుడ్డలో మూటకట్టి, కర్రకు వేలాడదీసి, నాన్న ఆకులమీద దులుపుకుంటూ పోయేవాడు. ముఖానికి తువాలు చుట్టుకునేవాడు, అంతే. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి కనుబొమలు తెల్లగా ఉండేవి. రాత్రంతా తల పట్టుకుని కూర్చునేవాడు. అమ్మ మజ్జిగ ఇచ్చేది. మా ఊళ్ళో ఏ పురుగుమందునైనా ఎండ్రిన్ అనే పిలిచేవారు. ఆ మాట చెబితే ఏడ్చే పిల్లలు కూడా నోరు మూసేవారు. చేనులోనే గాక ఇంటిలోపల కూడా ఆ మాటకు అర్థం ఉండేది.

ఇక మూడో పేరు వాగుకు అవతలిది.

మా మేనత్తను దేవరకొండ తాలూకాలో ఇచ్చారు. మామకు మోటారు పెట్టిన బావి, బావికింద బత్తాయి తోట ఉండేవి. సాత్గుడి బత్తాయి. నల్లగొండ జిల్లాకు ఆ పండు తరువాతి కాలంలో ఎంత పేరు తెచ్చిందో మీకు తెలుసు. దసరా సెలవులకు మేము అక్కడికి వెళ్ళేవాళ్ళం. వెళ్ళేసరికి పండ్లు రంగు తిరుగుతూ ఉండేవి. పొద్దుగూకగానే మామ తోట గట్లమీద అక్కడక్కడ పచ్చి ఆకు, చెత్త కలిపి పొగ పెట్టించేవాడు. రెండు గంటలు గడిచిన తరువాత పిల్లలకు టార్చిలైట్లు, కర్రలు ఇచ్చి పంపేవాడు. చెట్లకింద నడుస్తూ దీపం వేస్తే, పండ్లమీద వాలి రసం పీలుస్తున్న రెక్కల పురుగులు కనిపించేవి. కళ్ళు నిప్పుకణికల్లా మెరిసేవి. కొట్టి చంపడం మా పని.

వాటిలో రెండు మూడు రకాలుండేవి. అన్నిటికంటే పెద్దవాటికి లోపలి రెక్కలు నారింజరంగు, వాటిమీద నల్ల గుర్తులు. అవి గట్టు మీద పాకే తిప్పతీగ, దూసరితీగ తిని పెరిగే జాతులని తరువాత చదివాను. వాటితోపాటు, బూడిదరంగు పైరెక్కల కింద నలుపూ తెలుపూ దాచుకున్నది మరొకటి వచ్చేది. అన్నిటికీ కలిపి మామ పెట్టిన పేరు రసం దొంగ. ఇంతకీ అది తాగేది చాలా కొద్ది. గట్టి తొండంతో తొక్కలో సూదిపోటంత రంధ్రం చేసి రసం పీలుస్తుంది. ఆ రంధ్రంలోనుంచి బూజు, కుళ్ళు లోపలికి పోతాయి. చుట్టూ గోధుమరంగు మచ్చ పడుతుంది. నాలుగు రోజుల్లో పండు రాలిపోతుంది. తెల్లవారి చెట్ల కింద పడ్డ పండ్లను మా అత్త గంపలకెత్తుతూ ఒక్కొక్కదానికీ ఒక్కొక్క తిట్టు తిట్టేది.

నాన్నకూ మామకూ పడేది కాదు. చెల్క ఉన్నవాడికీ బావి ఉన్నవాడికీ మధ్య ఉండే దూరమే వాళ్ళ మధ్యా ఉండేది. "పురుగుకు దినాం పెట్టి సాదుతున్నవు బావా, గా చేన్ల ఏమున్నది?" అని మామ అనేవాడు. నవ్వుతూ అన్న మాటే. నాన్న నవ్వేవాడు కాదు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో, "ఆయన పండ్లకు పట్టిన దయ్యం ఏడికెల్లొస్తదో చూస్కోమను. నల్లమల నుంచొస్తదంట!" అని గొణిగేవాడు. మామ తన శత్రువు అడవినుంచి వస్తుందని నమ్మేవాడు. నాన్న తన శత్రువు మట్టిలోనుంచి పుడుతుందని నమ్మేవాడు. నేనేమో సెప్టెంబరు పగళ్ళలో ఇక్కడా, అక్టోబరు రాత్రుల్లో అక్కడా, ఒకే ప్రాణిని వేటాడుతూ ఆ సంగతి తెలియకుండా పదిహేనేళ్ళవాడినయ్యాను.

తెలిసింది 1997లో. అప్పటికి నేను పట్నంలో ఉద్యోగం చేస్తున్నాను. పని మీద నాగర్‌కర్నూలు వైపు వెళ్ళి, బిజినేపల్లి దగ్గర పాలెంలో ఉన్న వ్యవసాయ పరిశోధనా స్థానంలో ఆగవలసి వచ్చింది. ఆముదంలో క్రాంతి, హరిత, కిరణ్ వంటి రకాలు అక్కడినుంచి వచ్చినవే. ఒక గదిలో గాజుమూత ఉన్న చెక్కపెట్టెల్లో పురుగులను వరుసగా సూదులకు గుచ్చి పెట్టారు. ఒక వరుసలో ఎడమనుంచి కుడికి: నీలాకుపచ్చ గుడ్లు, చిన్న పురుగు, పెద్ద పురుగు, ఎర్రమట్టిరంగు ప్యూపా, చివర రెక్కలు విప్పిన శలభం. కింద ఒకే పేరు. మొదట పురుగును గుర్తుపట్టాను: మా దాసరి. చివర ఉన్న నలుపూ తెలుపూ రెక్కలను చూసి, ఇది మామ తోటలోది, ఇక్కడెందుకు గుచ్చారు అనుకున్నాను. ఆ తరువాత రెండింటి మధ్య ఉన్న గీత కనబడింది.

ఆడ శలభం రాత్రిపూట ఆకులమీద ఒక్కొక్క గుడ్డే విడివిడిగా పెట్టుకుంటూ పోతుంది. పురుగు రెండు మూడు వారాలు ఆకు తిని, ఐదు దశల్లో ఎదిగి, రాలిన ఆకుల మడతల్లోనో మట్టిలోనో ప్యూపాగా మారుతుంది. మరి పది పదిహేను రోజులకు రెక్కలతో లేస్తుంది. అప్పుడిక దానికి ఆకుతో పనిలేదు. నమిలే నోరు పోయి పీల్చే తొండం వచ్చింది గదా, పండు వెతుక్కుంటుంది. బాల్యం ఆముదపు చేలో, యౌవనం బత్తాయి తోటలో.

అదే పెట్టెలో, ఆ వరుసకు కింద, మరొక సూదికి మా గుడ్డు పురుగు ఉన్నది. దాని పక్కన చీమకంటే కాస్త పెద్దది, నల్లని కందిరీగ వంటి ఈగ. నేను చూస్తూ నిలబడటం గమనించి అక్కడి ఉద్యోగి ఒకాయన ఓపికగా వివరించాడు. అది గుడ్డు కాదు, గూడు. మైక్రోప్లైటిస్ అనే ఈ చిన్న ఈగ లేత దాసరి పురుగు ఒంట్లోకి సూదివంటి అవయవంతో ఒక గుడ్డు దింపుతుంది. ఈగ పిల్ల పురుగు లోపలే పెరిగి, బయటికి వచ్చి, పురుగు వెనుక భాగంలోనే గూడు అల్లుకుంటుంది. పురుగు వెంటనే చావదు గాని తిండి మానేసి నీరసించి, శలభం కాకుండానే పోతుంది. గూటిలోనుంచి మరో ఈగ లేచి మరికొన్ని పురుగులను వెతుక్కుంటూ పోతుంది. "చెట్టుకు ఒకటో రెండో ఇట్లాంటివి కనపడితే మందు కొట్టవద్దని మేము చెబుతామండీ. పని అవే చేస్తాయి. నాలుగో వంతు ఆకు పోయేదాకా ఆముదం తట్టుకుంటుంది" అన్నాడాయన.

నేను ఆయనకు కృతజ్ఞతలు చెప్పానో లేదో గుర్తులేదు. కళ్ళముందు డాల్డా డబ్బా ఉన్నది. కదలని పురుగులను ఏరి ఏరి వేసినవాణ్ణి నేను. అవి కదలకపోవడానికి కారణం వాటి లోపల మా కోసం పనిచేస్తున్న మరొక ప్రాణి. చురుకైనవి జారిపోయేవి, బతికేవి. మందకొడివి కిరసనాయిల్లో మునిగేవి. ప్రతి సాయంత్రం మేము చేసినది పురుగును ఆదుకోవడమే. మిగిలిన ఈగలను మరునాడు పొడి చంపేది. ఆ పొడి నాన్న ఊపిరితిత్తుల్లోకీ పోయేది.

ఆ వారమే ఊరికి వెళ్ళాను. నాన్న చేలో ఆముదం మోకాలి ఎత్తు. పురుగు దిగింది. ఇంటి మూలలో అప్పుకు తెచ్చిన మందు డబ్బా ఉన్నది. బి.హెచ్.సి.ని దేశమంతటా ఆ ఏడే నిషేధించారు గాని, దాని స్థానంలో వచ్చే డబ్బాలకు కొదవ ఏముంది? నేను విన్నదంతా చెప్పాను. నాన్న చుట్ట ఆర్పి నేలవంక చూస్తూ విన్నాడు. ఏమీ అనలేదు.

తెల్లవారి నన్ను లేపి చేలోకి తీసుకుపోయాడు. ఇద్దరం సాలు సాలుకూ ఇరవై చెట్లు చూశాం. ఆకులు తిప్పి తిప్పి లెక్కపెట్టాం. గూడు మోస్తున్నవి ముప్పైకి పైనే ఉన్నాయి. నాన్న ఒకదాన్ని ఆకుతో సహా తుంచి అరచేతిలో పెట్టుకుని ఎండకు ఎత్తి చూశాడు. చాలాసేపటికి అన్నాడు: "నీకు పది పైసలిచ్చి, మన దిక్కు కొట్లాడెటోన్నే సంపిచ్చిన గదరా."

"మనకేం తెలుసు నాయినా" అన్నాను.

"తెల్వకనే. తెల్వకనే అంత జేసిన."

మందు కొట్టలేదు. ఇది చెప్పినంత తేలిక కాదని మీకు తెలుసు. పక్క చేలవాళ్ళు పంపులు భుజాన వేసుకుని పోతూ ఉంటే, ఆకు రోజురోజుకూ జల్లెడ అవుతూ ఉంటే, ఇంట్లో అప్పు డబ్బా కనబడుతూ ఉంటే, చేతులు కట్టుకుని కూర్చోవడానికి ఎంత ధైర్యం కావాలో! అమ్మ రెండు పూటలు నాతో మాట్లాడలేదు. ఆముదం పోతే ఆ ఏడు చెల్లెలి పెళ్ళి ఆగిపోతుంది. నేను సెలవు పొడిగించుకుని ఊళ్ళోనే ఉన్నాను. ఎనిమిదో రోజుకు గోరింకలు గుంపులుగా దిగాయి. పదో రోజుకు ఆకులమీద కొత్త చిల్లులు తగ్గాయి. గూళ్ళకు పైన గుండ్రంగా మూత తెరిచినట్టు కంతలు కనిపించాయి. చివుళ్ళు మళ్ళీ విచ్చుకున్నాయి. పంట అద్భుతంగా వచ్చిందని చెబితే అబద్ధం. ఎప్పటి పంటే వచ్చింది. మందు ఖర్చు లేదు. ఆ శీతాకాలం నాన్న తల పట్టుకుని కూర్చోలేదు. పెళ్ళి మాఘంలో జరిగింది.

ఆ పెళ్ళిలోనే నాన్న, మామ పక్కపక్కన కూర్చుని ఉండగా మాట వచ్చింది. నీ రసం దొంగ, నా దాసరి ఒక్కటేనట అని నాన్న చెప్పాడు. మామ మొదట నమ్మలేదు. తరువాత కళ్ళు పెద్దవి చేసి, "అయితే నీ చేన్ల బెంచి నా తోటకు తోలుతున్నవన్నట్టు!" అన్నాడు. నాన్న నవ్వాడు. మామ మాటకు నాన్న నవ్వగా నేను చూడటం అదే మొదలు. "ఆకు నాది తింటది, పండు నీది తాగుతది. పొత్తుల యవుసం బావా మనది" అన్నాడు.

ఆ పొత్తు ఎంత దూరం సాగుతుందో తరువాత పటం ముందు పెట్టుకుని చూశాను. ఈ శలభం మన దేశమంతటా, శ్రీలంకలో, ఆగ్నేయాసియాలో, ఉత్తర ఆస్ట్రేలియాలో ఉన్నది. అక్కడినుంచి పసిఫిక్ దీవుల మీదుగా తూర్పున ఈస్టర్ దీవి దాకా, దక్షిణాన న్యూజిలాండు దాకా దాని ఉనికి చెబుతారు. ఆముదపు చెట్టు పుట్టిల్లు తూర్పు ఆఫ్రికా అంటారు. అది ఏనాడో మన దేశం చేరి మన చెట్టే అయిపోయింది. పురుగు ఆముదం ఒక్కటే తినదు. దానిమ్మ, గులాబీ, రేగు కూడా తింటుంది. పశువులు ముట్టని చేదు ఆకును ఇంత ఇష్టంగా తినేది మాత్రం అదే. అస్సాంలో ఇదే ఆముదపు ఆకు వేసి ఎరి పట్టుపురుగును పెంచుతారు. అదీ శలభమే. ఆ ఆకు తిన్నందుకు అక్కడ దానికి ఇంట్లో తట్ట వేసి ఆదరిస్తారు. ఇక్కడ దీనికి విషం పెడతాం. ఆకు ఒక్కటే, రాత వేరు.

మన కవులకు శలభం అంటే దీపం మీద పడి కాలిపోయేది. మా నేలలో అటువంటిది కూడా ఉన్నది: బొంత పురుగు. తొలకరి వానకు మట్టిలోనుంచి తెల్ల రెక్కలతో లేచి వెలుతురుకు వస్తుంది. 1980ల చివర, 1990ల మొదట తెలంగాణ మెట్టచేలలో ఆ పురుగు విరుచుకుపడినప్పుడు, ఊళ్ళకు ఊళ్ళే కలిసి వాన పడ్డ రాత్రులు చేలగట్ల మీద మంటలు వేశాయి. ఒక్కడు వేస్తే లాభం లేదు, అందరూ ఒకే రాత్రి వేయాలి. పురుగుమందులు లేని సేద్యం గురించి ఇక్కడ మాట్లాడటం మొదలైన సందర్భాల్లో అదొకటి. దాసరి పురుగు దగ్గర నేర్చుకోవలసినది అంతకంటే కష్టమైన పాఠం. అక్కడ అందరూ కలిసి చేయాలి. ఇక్కడ ఒక్కొక్కడూ ఆగి చూడాలి.

ఆగి చూసే అవకాశం కూడా ఎక్కువ కాలం మిగలలేదు. రాజేంద్రనగర్‌లో 1977లో ఏర్పడిన నూనెగింజల పరిశోధన డైరెక్టరేట్, ఇప్పటి భారతీయ నూనెగింజల పరిశోధన సంస్థ, బాసిల్లస్ తురింజెన్సిస్ అనే సూక్ష్మజీవితో దాసరి పురుగుకు మందు తయారుచేసింది. మనిషికీ, ఆ చిన్న ఈగకూ హాని చేయనిది. అది మా ఊరి దుకాణానికి చేరకముందే, అదే సూక్ష్మజీవి జన్యువును పెట్టిన బి.టి. పత్తికి 2002లో దేశంలో అనుమతి వచ్చింది. ఐదారేళ్ళలో మా చెల్కలన్నీ తెల్లబడ్డాయి. ఆముదానికి గుజరాత్ రాజధాని అయింది. నాన్న చివరి రెండేళ్ళు పత్తే వేశాడు. ఆయన పోయిన తరువాత తమ్ముడూ పత్తే వేస్తున్నాడు. ఇప్పుడు మా ఊళ్ళో ఆముదం గట్లమీద, పెంటకుప్పల పక్కన తనంతట మొలిచినది మాత్రమే.

ఇంత కథ ఉన్నది గనుకనే ఆ ఉదయం పిల్లవాడి ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు దొరకలేదు. వాణ్ణి పెంటకుప్ప దగ్గరికి తీసుకుపోయాను. అక్కడ రెండు ఆముదపు చెట్లున్నాయి. ఆకులు తిప్పి చూస్తూ పోతే మూడు దాసరులు దొరికాయి. మూడో దాని వెనుక గూడు ఉన్నది. యాభై ఏళ్ళ తరువాత, పొలంలో ఆముదమే లేని ఊళ్ళో, అది ఎక్కడినుంచి వెతుక్కుంటూ వచ్చిందో!

"గిది గుడ్డు పెట్టింది తాతా! చంపుదామా?" అన్నాడు వాడు. అప్పుడే చేతిలోకి పుల్ల వచ్చింది.

ఆకును కొమ్మతో సహా తుంచి, గాజుసీసాలో పెట్టి, మూతికి పలుచని గుడ్డ కట్టి వాడి చేతికిచ్చాను. రోజూ చూడమన్నాను. నేను తిరిగి పట్నం వచ్చేశాను. ఐదో రోజు సాయంత్రం వాడు ఫోను చేశాడు. గొంతులో ఆశ్చర్యం, కాస్త కోపం కూడా ఉన్నాయి.

"తాతా, పురుగు చచ్చిపోయింది. గుడ్డుల కెల్లి పురుగు రాలే. నల్లటి చిన్న ఈగ వచ్చింది. ఏం జెయ్యాలె?"

"గుడ్డ విప్పు" అన్నాను.